పడుగు పక్కన ఈగలు

నాకు ఓపిక తక్కువ. అన్నం ఉడికేలోగా నాలుగుసార్లు మూత తీసి చూసే మనిషిని. అట్లాంటిదాన్ని ఐదు రోజులుగా దోమతెరతో కుట్టిన గూడు ముందు కూర్చుని, ఈగలు గుడ్లు పెడతాయా పెట్టవా అని కాపలా కాస్తున్నాను.

ఇవి మామూలు ఈగలు కావు, బ్లాక్ సోల్జర్ ఈగలు. కుళ్లిన టమాటా, కూరగాయల తొక్కలు, పెళ్లిభోజనంలో మిగిలింది, ఏది వేసినా వీటి పురుగులు తిని ఎరువు చేసి పెడతాయి. బలిసిన పురుగు కోళ్లకు మేత. కర్నూలులో పది రోజులు శిక్షణ తీసుకుని, వచ్చేటప్పుడు డబ్బా నిండా పురుగులు తెచ్చుకున్నాను. మా ఆయన హరినాథ్ రోజూ ఆటోలో మార్కెట్ కుళ్లు తెచ్చి పడేసేవాడు. మే నెల ఎండకు తొట్లలో ఉన్నవన్నీ ఉడికి చచ్చాయి. మిగిలింది, అంతకుముందే రెక్కలొచ్చి గూట్లో చేరిన ఈ రెండు వందల ఈగలు. వాటి ఆయుష్షు వారం, మహా అయితే పది రోజులు. తిండి తినవు. జత కట్టి, గుడ్లు పెట్టి చస్తాయి. పెట్టకుండా చస్తే నా పని అంతటితో సరి.

అప్పుడు మళ్లీ రాట్నం ముందు కూర్చోవాలి. పెళ్లయిన పదకొండేళ్లుగా మా మామ లింగన్న మగ్గానికి దారం కండెలు చుడుతున్నాను. చీర బాగుంటే లింగన్న నేత అంటారు. దారం తెగితే కోడలు కండె సరిగ్గా చుట్టలేదంటారు. పురుగులు కంపు కొడితే కొట్టనీ, అవి నావి.

ఐదో రోజు సాయంత్రం శిక్షణలో రాసుకున్న నోటుపుస్తకం తిరగేశాను. పొద్దుటి ఎండ తగలకపోతే ఇవి జత కట్టవని నా చేతిరాతతోనే ఉంది. నేను చేసిందేమిటి? ఎండకు భయపడి గూటిని మగ్గం గదిలో పెట్టి, తడి గోనెపట్ట కప్పాను. నేతోళ్ల ఇంట్లో విలువైనదేదైనా నీడనే దాస్తాం, రంగు వెలిసిపోతుందని. ఆ అలవాటే నన్ను ముంచింది. చీరలు దాచినట్టు ఈగలను దాచాను.

మిద్దె మీద పెడదామంటే కడప బండలు ఎనిమిదింటికే కాలుతాయి. మెత్తటి ఎండ, కాస్త గాలి ఉండేది మా వీధిలోనే. మరుసటి పొద్దున అక్కడ మామ పడుగు సాగదీయాల్సి ఉంది. నూలు పోగులన్నీ వీధి పొడవునా చాపి, గంజి పెట్టి, ఆరేలోపు కుంచెతో దువ్వాలి. దువ్వకపోతే పోగులు అతుక్కుపోతాయి. ఇరుగుపొరుగంతా వచ్చి చెయ్యి వేసే పని అది.

"మామా, పడుగు కొసన నా గూడు పెట్టుకుంటా. మూరెడు చోటు చాలు," అని ఆ రాత్రే అడిగాను.

"పడుగు కాడ ఈగలా? పిచ్చి గానీ పట్టిందా నీకు?"

"తెర దాటి రావు మామా. రేపు ఎండ తగలకుంటే అన్నీ ఊరికే చస్తాయి."

"నువ్వు వాటి కాడ కూర్చుంటే కుంచె ఎవరు పట్టల్ల?"

"రెండూ నేనే చేస్తా."

ఆయన అవుననలేదు, కాదనలేదు. నాకది చాలు.

మరునాడు పొద్దున ఏడింటి నుంచి నా కాళ్లు నిలవలేదు. ఆ కొసకు పోయి దువ్వడం, ఈ కొసకు పరిగెత్తి గూటి మీద నీళ్లు చల్లడం. నీళ్లు చల్లకపోతే ఎండకు అవి బతకవు.

"ఏం శివలీలా, ఈగలకు పురుడు పోస్తాండావా?" అని పక్కింటి మద్దమ్మ నవ్వింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది గానీ, జవాబిచ్చే తీరిక లేదు.

తొమ్మిదవుతుండగా, అన్నాళ్లూ తెరకు అతుక్కుని కూర్చున్న ఈగలు లేచాయి. రెండు వచ్చి తెర మీద వాలి, తోకలు కలిపి నిలబడ్డాయి. జత! పక్కనే ఇంకో జత. కుంచె చేతిలో ఉందన్న సంగతే మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను.

మామ కేకతో తిరిగి చూశాను. నేను దువ్వాల్సిన చోట గంజి ఎండి, పోగులన్నీ అట్టలా బిగుసుకుపోయాయి. ఆయన వచ్చి నా చేతిలోంచి కుంచె లాక్కున్నాడు. "ఇంక పడుగు మీద చెయ్యి వెయ్యొద్దు. పో, నీ పని చూసుకో పో."

వీధంతా వింటోంది. సిగ్గుతో చచ్చిపోయాను. గూడు దగ్గర కూలబడ్డాక ఆ మాట మళ్లీ వినబడింది. నీ పని. ఆ ఇంట్లో నాకంటూ ఒక పని ఉందని అంతవరకు ఎవరూ అనలేదు. కోపంతోనే అన్నాడు. అయినా అన్నాడు. ఏడుస్తూనే నీళ్లు చల్లాను.

రెండు రోజులు గడిచాయి. సగం ఈగలు రాలిపోయాయి. మధ్యాహ్నం, గుడ్లు పెట్టేందుకని గూట్లో ఉంచిన చీలికల చెక్క తీసి చూస్తే, సందులో మీగడ రంగు గుడ్లు సన్నటి నూకల్లా బారు తీరి ఉన్నాయి. చెక్క పట్టుకుని మగ్గం గదిలోకి పరిగెత్తాను. మామ నేల మీద కూర్చుని, అతుక్కున్న పోగులను గోటితో ఒక్కొక్కటే విడదీస్తున్నాడు. ఆ రెండు రోజులూ మగ్గం ఆడలేదు.

"మామా, పెట్టినాయి."

ఆయన చెక్క తీసుకుని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

"పిల్లలు ఎన్ని దినాలకు?"

"నాలుగు, మామా."

"చీమలు శానా ఉండాయి ఈడ. నీళ్ల పళ్లెంలో నిలబెట్టి రా." చెక్క జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, చాప మీద కొంచెం పక్కకు జరిగాడు. "వచ్చి ఈ కొస పట్టుకో. ఒక్కణ్ణే అయితే తెగేటట్టుండాది."

పళ్లెం పెట్టి వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని కొస పట్టుకున్నాను.