రొట్టెలు చేసే చెయ్యి

జహీరాబాద్ పత్తి మిల్లులో తాడు తెగి బరువైన పత్తి కట్ట, బేలు, జారిపడినప్పుడు ఇద్దరికి కుడి భుజం దెబ్బతిన్నది. ఒకరు రాకేశ్, ఇంకొకరు స్వప్న. నెల తర్వాత మిల్లు డాక్టరు ఇద్దరినీ పిలిచాడు.

రాకేశ్‌ను చెయ్యి ఎత్తమన్నాడు. అది సగం దాకా లేచి ఆగింది. ఇంకో రెండు నెలలు జీతంతో సెలవు రాశాడు.

స్వప్న చెయ్యీ అక్కడే ఆగింది.

“ఇంట్ల జొన్నరొట్టెలు ఎవరు చేస్తున్నరమ్మా?” అని అడిగాడు డాక్టరు.

“నేనే సార్. ఎడమచేత్తోని తడుతున్న. కుడిది జర ఆసరాకు పెడుత.”

పని ఎగ్గొట్టే మనిషి అనుకోకూడదని అలా చెప్పింది.

“రొట్టెలు చేస్తున్నవంటే చెయ్యి మంచిగైనట్టే. రేపు పనికి రా.”

రాకేశ్‌ను మాత్రం ఇంట్లో ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు. అతనికి వాళ్లమ్మ అన్నం కలిపి పెడుతోంది.

రాత్రి భోజనం దగ్గర సంగతి విని భర్త మదన్‌మోహన్ విసుక్కున్నాడు.

“అట్లెందుకు చెప్పినవ్? రొట్టెలు చేస్తలేనంటే అయిపోతుండె గద.”

పొయ్యి దగ్గర స్వప్న తన కుడి భుజం పట్టుకుని అతని వైపు తిరిగింది.

“మరి నువ్వు తింటున్నదేంది?”