యేసుపాదం పైవరస పళ్ళు

నేను ఒక క్లారినెట్‌ని. నల్లటి ఒళ్ళు, నికెలు పూత మీటలు. మీరట్‌లో ఒక ఇరుకు సందులో పుట్టాను. నన్ను చేసినవాడు ఒక్కసారి ఊది చూసి, తల ఊపి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టేశాడు. నాకు జరిగిన బారసాల అంతే. మొదట కొన్నవాడికి ఊపిరి చాలలేదు. నెపం నామీద వేసి వదిలించుకున్నాడు. అలా పొన్నూరులో పెళ్ళి బ్యాండు నడిపే యేసుపాదం చేతిలో పడ్డాను.

నన్ను పెదాలతోనే వాయిస్తారని జనం అనుకుంటారు. కాదు. నా మౌత్‌పీసు మీద పై వరస ముందు పళ్ళు ఆనించి, కింద రీడు అనే సన్నటి రెల్లు బద్దను పెదవితో నొక్కిపట్టి ఊదాలి. ఆ పై పళ్ళు గట్టిగా ఉన్నన్నాళ్ళే మనిషి క్లారినెట్ వాద్యకారుడు. యేసుపాదానికి వేరే పని రాదు, రావాలనీ అతను అనుకోలేదు. అతను ఊదుతుంటే ముసలమ్మలు కూడా అరుగులు దిగి వచ్చేవారు. ఆ పళ్ళ బరువంటే నాకెంత ఇష్టమో చెప్పలేను.

అతని నోటి సంగతి నాకు తెలిసినంతగా ఇంట్లో ఎవరికీ తెలియదు. పళ్ళ మొదళ్ళలో తెల్లటి జిగురు పాచి పేరుకోవడం ముందు చూసింది నేనే. మెత్తగా ఉన్నప్పుడు బ్రష్షుతో పోయేదే. పెళ్ళిళ్ళ హడావిడిలో ఇన్ని నీళ్ళు పుక్కిలించి ఊరుకునేవాడు గనక, అది గట్టిపడి పచ్చటి గారై కూర్చుంది. చిగుళ్ళు వాచాయి. నామీద రక్తపు చారలు కనిపించసాగాయి. అప్పుడీ మహానుభావుడు ఏం చేశాడు? తోమితే రక్తం వస్తోందని తోమడమే మానేశాడు! అతను ఊదితే తప్ప నాకు మాట రాదు, నేనేం చేయను?

చివరికి భార్య కరుణమ్మ పోరు పడలేక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. అటునుంచి అటే పెళ్ళికి పోవాలి గనక నేనూ పెట్టెలో వెంట ఉన్నాను. పాచిలోని సూక్ష్మజీవులు చిగురును పాడుచేస్తాయని, ఆ చెడు లోపలికి దిగితే పళ్ళను పట్టి ఉంచే ఎముక కరిగిపోతుందని ఆవిడ ఓపికగా చెప్పింది. ఆ రోజుకు కింది వరస శుభ్రం చేసి, పై వరసకు వారం తర్వాత రమ్మంది.

బయటికొచ్చి నాలుకతో తడుముకుంటే గార పోయిన చోటల్లా సందులు తగిలాయి. ఒక పన్ను కాస్త కదిలినట్టు కూడా అనిపించింది. యేసుపాదం ముఖం పాలిపోయింది. డోలు వాయించే మస్తాన్‌కి చూపించాడు. మస్తాన్ మంచివాడే, కాకపోతే తెలియదు అనే మాట అతని నోట రాదు.

“ఆ గారేరా పళ్ళని పట్టుకోని ఉండేది. గీకించావంటే ఊడి చేతిలోకొస్తాయి. పైవాటిని మాత్రం ముట్టనీమాక,” అన్నాడు.

యేసుపాదం మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. తన బతుకుదెరువును కాపాడుకుంటున్నానని అనుకున్నాడు పాపం. కింద రక్తం ఆగిపోయింది గనక ఆ వరసను రోజూ తోమేవాడు, అక్కడ చిగుళ్ళు తేరుకున్నాయి. పైన మాత్రం చిగురు జారిపోయి పళ్ళు పొడుగ్గా కనిపించసాగాయి. పెద్ద స్వరం పట్టినప్పుడల్లా అవి నామీద వణికేవి. స్వరం తప్పితే జనం తాగొచ్చాడని నవ్వేవారు. నాకు మాత్రం భయం పట్టుకుంది.

చేబ్రోలులో ఒక ఊరేగింపు నడుస్తోంది. పాట మంచి ఊపులో ఉండగా ముందు పన్ను ఒకటి నామీదే ఒరిగిపోయింది. రక్తం నా లోపలికి కారింది. అతను నన్ను నోట్లోంచి తీసి, పెళ్ళికొడుకు కారు ముందు అలాగే నిలబడిపోయాడు. మస్తాన్ డోలు ఆపి తలొంచుకున్నాడు. అంత అవమానం నేనెప్పుడూ ఎరగను.

మళ్ళీ డాక్టరమ్మ. పైన ముందు పళ్ళన్నీ తీసేయక తప్పదంది. కింది పళ్ళను ఒక్కొక్కటే కదిపి చూసి, ఇవి గట్టిగా ఉన్నాయంది. యేసుపాదం కింది వరసను నాలుకతో తడుముకున్నాడు.

“అమ్మా, ఆ వారం పైవాటికి కూడా వచ్చుంటే?”

ఆవిడ చిన్న అద్దం అతని చేతికిచ్చి, కింది వరస చూసుకోమంది.

కట్టుడు పళ్ళతో ఊది చూశాడు. పళ్ళ సెట్టు జారింది, నేను కీచుమన్నాను. ఇంక నన్ను పైకి తీయలేదు. కొన్నాళ్ళకు బ్యాండులో రెండో క్లారినెట్ వాయించే జోజి నన్ను తనకిమ్మని అడగడానికి వచ్చాడు. అతనూ సంసారం ఉన్నవాడే, నాతో నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని ఆశ. యేసుపాదం పెట్టె ఒళ్ళో పెట్టుకుని నోరు తెరవమన్నాడు. జోజి నవ్వుతూ తెరిచాడు. పళ్ళ మొదళ్ళలో పచ్చటి గార, ఎర్రగా ఉబ్బిన చిగుళ్ళు.

యేసుపాదం పెట్టె మూత వేసేశాడు.

“పద, డాక్టరమ్మ దగ్గరికి పోదాం. నేను పక్కనే కూర్చుంటా. రెండు వరసలూ చేయించుకున్నాకే నీకిచ్చేది.”