అమ్మ నేర్చుకున్న పక్కచూపు

అమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కంటి నడిమధ్య ఇప్పుడు మచ్చ పడింది. ఎదుటి మనిషిని చూస్తే చెవులుంటాయి, ముక్కూ నోరూ ఉండవు. మచ్చ పెరగకుండా ఆసుపత్రిలో డాక్టరమ్మ కంట్లోకి సూదిమందు ఇస్తుంది. ఆ సూదంటే అమ్మకు హడల్.

రెండు వీధుల అవతల చూపు తగ్గినవాళ్ళకు శిక్షణ కేంద్రం ఉంది. అక్కడి టీచరుగారు అమ్మకు వేరే విద్య నేర్పారు. మెడ కాస్త వాల్చి వస్తువుకు పక్కగా చూస్తే మచ్చ తప్పుకుంటుంది, వస్తువు చూపుకు దొరుకుతుంది. ఆ ధైర్యంతోనే అమ్మ మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చుంది.

ఆ రోజు కూతురిని తోడు తీసుకుని వెళ్ళిన ఆసుపత్రిలో గోడమీది అక్షరాల ముందు కూడా అమ్మ మెడ వాల్చింది. పోయినసారి తడుముకున్న వరుసను గడగడా చదివేసింది. డాక్టరమ్మ తల వంచుకుని రాసుకుంటోంది.

"భలే! మందు పనిచేసిందమ్మా. ఇవాళ సూదీ వద్దు, స్కానూ వద్దు. మూడు నెలలాగి రండి."

అమ్మ మొహం చాటంత అయింది. కూతురికి మాత్రం కుట్టు సంగతి గుర్తొచ్చింది. మొన్న చొక్కా కుడుతూ అమ్మ, "ఈ కుట్టేంటే, పాములా మెలికలు తిరుగుతోంది?" అంది. కుట్టు తిన్నగానే ఉంది. గీతలు వంకరగా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పమన్నారు టీచరుగారు. అమ్మ మాత్రం, "నోరెత్తావో, సూది నీకు పొడిపిస్తా," అని నవ్వేసింది.

"పదవే, బస్సెళ్ళిపోద్ది," అని అమ్మ లేచింది.

"డాక్టరుగారూ..." కూతురు అమ్మ చెయ్యి పట్టి ఆపింది. "అమ్మ పక్కనుంచి చూసి చదివిందండీ. అలా చూడ్డం శిక్షణ కేంద్రంలో నేర్పారు. ఇంట్లో గీతలు వంకరగా కనిపిస్తున్నాయి."

"అది చిన్నపిల్లండీ, దాని మాటలకేం!" అంది అమ్మ.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. కేంద్రానికి ఫోన్ చేసి, "పక్కచూపు నేర్పినట్టు నాకో మాట చెప్పాలి కదండీ?" అంది.

"మీరు నన్నెప్పుడైనా అడిగారా మేడమ్?" అన్నారు టీచరుగారు. డాక్టరమ్మ ఫోన్ పెట్టేసి స్కానుకు రాసింది.

స్కానులో మచ్చ కింద కొత్తగా నీరు కనిపించింది. సూది తప్పలేదు. పోయిన చూపు ఎంత తిరిగొస్తుందో డాక్టరమ్మ చెప్పలేకపోయింది. వచ్చేసారి టీచరుగారిని కూడా ఇక్కడికే పిలిపిస్తానంది, ఇద్దరూ కలిసి చూస్తారట.

"అయితే నా విద్య మానెయ్యాలా? నా మిషనో?" అంది అమ్మ.

"అస్సలు మానొద్దు. అలా చూస్తున్నట్టు నాకు చెప్పండి, చాలు."

కంటికి కట్టు కట్టడంతో ఆ పూట అమ్మకు లోకమంతా చీకటే. కూతురి భుజం పట్టుకోక తప్పలేదు. వేళ్ళు నొక్కిపెట్టి పట్టుకుంది. బస్సు దాకా నడిచారు, బస్సులో కూర్చున్నారు. కూర్చోగానే అమ్మ ఆ భుజం వదిలేసి అటు తిరిగింది.