ముందే అడిగిన మన్నింపు

ఒక సంగతి ముందే ఒప్పుకుంట. గీ కథ జరిగినప్పుడు నేను పుట్టలే. మా అవ్వ సాయమ్మ చెప్పంగ విన్న. ఆమె మరిసిపోయిన కాడ నేనే అతుకులేసిన. కనవడితే నవ్వుకోండ్రి.

నిజాం కాలం, నలభైల్ల. అవ్వ పెనిమిటి సాలోమోను శామీర్‌పేటల ఉండేటోడు, సర్కారు వకీలు. అప్పుడు ఆయన చేతిల ఉన్నది గౌడవెల్లి గండయ్య కేసు. చెరువు నీళ్ల వంతు కాడ కొట్లాటల దాయాదిని పారతోటి కొట్టి సంపిండు గండయ్య. తనే ఒప్పుకున్నడు గూడ. ఇగ తేలాల్సింది ఒక్కటే, ఉరా, జన్మఖైదా.

"ఉరే అడగాలె," అన్నడు పై వకీలు ప్రతాప్ సాబ్. "జాలి ఇంటికాడ సూపెట్టు, కచేరిల కాదు. నోరు రాకుంటే కొలువు ఇడిశిపెట్టు."

సాలోమోనుకు అన్నం సయిస్తలేదు. శనివారం లష్కర్ నుంచి, గదే సికింద్రాబాద్ నుంచి, చర్చి ఫాదర్ వచ్చిండు. నెలకొక్కపారి వస్తడు, గప్పుడే అందరి పాపసంకీర్తనం, చేసిన పాపాలు ఆయన చెవిల చెప్పుకునుడు. సాలోమోను అందరికంటే ముందే పోయి మోకాళ్లేసిండు.

"ఫాదర్, సోమవారం ఒక మనిషికి ఉరి అడుగుత. మన్నించుండ్రి."



"సోమవారం ఇంకా రాలే గద నాయినా. చేసినయి చెప్పు, చేయబోయేటివి కాదు."

"చేసినంక చెప్పుకుందామంటే మీరు నెల దాకా రారు గద ఫాదర్. గన్ని దినాలు నేనెట్ల మొయ్యాలె?"

"చట్టం ప్రకారం అడిగితే పాపమని నేను అనను. మన చర్చి, తిరుసభ గూడ అనదు."

సాలోమోను పాణం జర కుదుటపడ్డది.

"కాని పాపం కాకుంటే," అన్నడు ఫాదర్ మెల్లగ, "మన్నింపు ఎందుకడుగుతున్నవు?"

గీ ముచ్చట ఫాదర్ ఎవ్వరికీ చెప్పలే, ఆయన చెప్పొద్దు గూడ. సాలోమోనే ఇంటికొచ్చి సాయమ్మకు చెప్పుకున్నడు. ఆమె రొట్టె కొడుతున్నదల్లా ఆపి పకపక నవ్వింది.

"సినిమా టికెట్ లెక్క మన్నింపు ముందే తీసుకుందామనుకున్నవా?"

"నవ్వకే. కొలువు పోతది."

"పోతే పోనీ. మేడ్చల్ల అర్జీలు రాసుకుందువు. నీ రాత మంచిగుంటది." రొట్టె పెనం మీదేసి మెల్లగ అన్నది, "నిద్రల గండయ్య పేరు తీస్తున్నవయ్యా. ఉరి అడిగినంక నీకు నిద్ర వస్తదా?"

సాలోమోను పళ్లెం ముందలికి గుంజుకున్నడు. రొట్టెలు రెండు తిన్నడు.

సోమవారం కచేరిల నిలవడి గండయ్య నేరం మొత్తం ఇప్పి చెప్పిండు, ఒక్క మాట దాయలే. ఆఖరికి జడ్జి అడిగిండు, "శిక్ష ఏం కోరుతున్నరు?"

ఎనక ప్రతాప్ సాబ్ దగ్గిండు. సాలోమోను ఎనక్కి తిరగకుండ జడ్జి దిక్కే సూసిండు.

"జన్మఖైదు, హుజూర్."

జడ్జి గదే రాసిండు. ప్రతాప్ సాబ్ మెట్ల మీదనే అన్నడు, "రేపటి నుంచి రాకు."

ఇంక పొద్దుండంగనే ఇంటికొచ్చిన మనిషిని సాయమ్మ గడపల నిలవడి సూసింది.

"పోయిందా?"

"పోయింది."

"గాయన?"

"బతికిండు."

"ఇగ కాళ్లు కడుక్కో. అన్నం పెడ్త."

గా పూట ఆయన పీట మీద శానసేపు కూసోని, అడిగి అడిగి పెట్టిచ్చుకొని తిన్నడంట.

మీ ఇండ్లల్ల గూడ కొలువొక దిక్కు, మనసొక దిక్కు గుంజినోళ్లు ఉండే ఉంటరు. వాళ్లు ఏ దిక్కు పోయిండ్రో నాకు చెప్పుండ్రి. అతుకులున్నా పర్వాలే.