గంజి పెట్టిన చొక్కా

ఆ రోజు ఇంట్లో అమ్మ ఉంది, కుట్టు మిషను ముందు. నానమ్మ ఉంది, వినపడే చెవిని దిండులో దూర్చి పడుకుని. డ్యూటీ లేదు కాబట్టి బాబాయి కూడా ఉన్నాడు, వంటింటి మూల కన్నాలకు సిమెంటు మెత్తుతూ. ఇక పిల్లి. పిల్లి అంటే అమ్మ కూతురే, పదిహేనేళ్లది. నడిస్తే చప్పుడు కాదు, అడిగితే జవాబు రాదు అని బాబాయి పెట్టిన పేరు.

కాలనీ చివర పొలాల్లో ఇళ్ల కోసం తవ్వకాలు మొదలైనప్పటి నుంచి ఎలుకలు వీధి మీద పడ్డాయి. చెత్త బండి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఒకరు మందు పెడితే పక్కింటికి, అక్కడ బోను పెడితే ఆ పక్కింటికి అవి కాపురాలు మారుస్తూనే ఉన్నాయి.

"ఇంత పిల్లిని ఇంట్లో పెట్టుకుని నాకీ సిమెంటు పని ఏంటి వదినా," అన్నాడు బాబాయి.

అమ్మ నవ్వింది. పిల్లి నవ్వలేదు. మిషను పక్క బల్ల ముందు కదలకుండా నిలబడిపోయింది.

బల్ల మీద ఉన్నది పక్కింటి పెద్దమ్మ ఇచ్చిన ఖాకీ చొక్కా. ఆవిడ భర్త బస్సు నడిపేవాడు, మొన్న చలికాలంలో పోయాడు. బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేసి, ఈ ఒక్కటి మాత్రం దిండు గలీబు కుట్టమని తెచ్చింది పెద్దమ్మ. మీ అమ్మ కాదు, నువ్వే కుట్టాలి అని పిల్లికి మరీ చెప్పింది. వీధి మొత్తంలో పిల్లి నోరు విప్పేది ఆవిడ దగ్గరే. బడి నుంచి రాగానే ఆ గడప మీద చేరితే చీకటి పడేదాకా కబుర్లే.

అందుకే వంక పెట్టడానికి లేకుండా చేయాలనుకుంది. నిన్న చొక్కా ఉతికి, చిక్కగా గంజి పెట్టి, ఇస్త్రీ చేసింది. అమ్మ అయితే బట్టలన్నీ రేకు పెట్టెలో వేసి మూస్తుంది. మడత నలుగుతుందని పిల్లి దీన్ని బయటే ఉంచి పడుకుంది.

రాత్రి ఎలుకలు గంజి వాసన పట్టాయి. కాలరు, జేబులు, వీపు, పళ్లు పడని చోటు లేదు. బీరువా జరిపితే వెనక ఖాకీ పీలికల గూడు, అందులో కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు. బాబాయి వాటిని చేటలోకి ఎత్తుకుని బయటికి వెళ్లాడు.

అమ్మ తిట్టలేదు. అదే రంగు గుడ్డ బజార్లో దొరుకుతుంది, కుట్టి ఇచ్చేద్దాం, ఆవిడకేం తెలుస్తుంది అంది. పిల్లి తల అడ్డంగా ఊపి, మిగిలిన గుడ్డంతా చున్నీలో పోసుకుని పక్కింటికి నడిచింది.

ఎలుకలు కొట్టేశాయని ఎలాగో చెప్పింది. పెద్దమ్మ కోప్పడలేదు. ఒక పీలిక తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకొకటి తీసింది.

"ఉతికావా?"

"ఊఁ. గంజి కూడా పెట్టా పెద్దమ్మా. బాగుంటుందని."

"ఎలుకలు కొరికితే కొరికాయి. ముక్కలైనా దాచుకునేదాన్ని." ఆవిడ గొంతు పెరగలేదు. "వాసన పోయాక ఇందులో ఆయన లేడు కదే."

పీలికలు రెండూ తిరిగి పిల్లి చున్నీలో పెట్టింది. సాయంత్రం రానా అని పిల్లి అడగబోయేలోపే పెద్దమ్మ తలుపు వేసేసింది.