లాక్లన్‌కి సెలవు

రాయి మీది పిట్టరెట్టలు గీకటంతోనే ఫిన్లేకి రోజు మొదలయ్యేది. చర్చి ఆవరణలో అన్ని సమాధులుండగా సముద్రపు పిట్టలు సరిగ్గా లాక్లన్ రాయి మీదే వాలేవి. అది అబర్డీన్ నుంచి పడవలో వచ్చిన రాయి. ఛాతీ ఎత్తు, బూడిద రంగు. పైన తలకిందులుగా చెక్కిన తుపాకి, కింద కుర్రవాడి పేరు, దాని కింద 'ఫ్రాన్సులో కాపలా కాస్తూ నేలకొరిగెను' అని ఒక వరస. ఆ పొద్దున ఫిన్లే బకెట్లో చెయ్యి పెడితే నీళ్ళ మీది పలచటి మంచుపెంకు పెటుక్కున చిట్లింది. నలభై ఏళ్ళుగా ఊరందరికీ గోతులు తవ్విన చేతులవి. వేళ్ళు పూర్తిగా చాపుకోవు, పారకర్ర పట్టుకున్నట్టే వంగి ఉంటాయి. ఎడమ భుజంలో వారం నుంచి ఒక నొప్పి, పొమ్మన్నా పోని చుట్టంలా మకాం వేసింది.

"ఎవరికైనా జబ్బు చేసిందా ఫిన్లే?"

తల ఎత్తనక్కరలేదు. గేటు దగ్గర ఎఫీ, లాక్లన్ తల్లి. నల్ల శాలువ, దాని చివరలు పట్టుకున్న ఎర్రటి పిడికిళ్ళు.

"పొద్దున్నే మనిషి కనిపిస్తే జనం బాగున్నావా అంటారు ఎఫీ. నువ్వొక్కదానివే జబ్బులడిగేది."

"బాగున్నావా? ఎవరికైనా జబ్బు చేసిందా?"

ఆ ఊళ్ళో ఒక నమ్మకం ఉంది. ఆఖరున పూడ్చిన మనిషి, తరవాతి శవం వచ్చేదాకా గేటు దగ్గర నిలబడి సమాధులకు కాపలా కాయాలి. కొత్తవాడొస్తే పాతవాడికి సెలవు. పాస్టరుగారు దీని మీద రెండు ప్రసంగాలు చేశారు. జనం శ్రద్ధగా విని, ఇళ్ళకు పోయి, నమ్మటం మానలేదు.

యుద్ధానికి పోయిన లాక్లన్ శవం ఫ్రాన్సు బురదలో ఎక్కడో కలిసిపోయింది. రాయి నిలబెట్టిన రోజున, కింద వాడి ఉన్నిటోపీ అయినా పెట్టమని ఎఫీ బతిమాలింది. ఫిన్లే జాలిపడి, టోపీ కోసం మనిషంత గొయ్యి తవ్వి, పూడ్చి, మట్టి తొక్కాడు. అక్కడే వచ్చింది తంటా. అంతకుముందు చలికాలంలో భార్యను పూడ్చుకున్న ముసలి డుగల్ గేటు దగ్గర ఇకిలించి, "మా ఆవిడకి సెలవొచ్చిందర్రా, ఎఫీ కొడుకు డ్యూటీ ఎక్కాడు!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎఫీ నవ్వలేదు. ఆ తరవాత వసంతం పోయింది, వేసవి పోయింది, ఊళ్ళో ఒక్క ప్రాణమూ పోలేదు.

"వాడికి చీకటంటే భయం ఫిన్లే. పన్నెండేళ్ళొచ్చినా దొడ్లోకి నేను తోడెళ్ళేదాన్ని. అక్కడా నిలబెట్టారు, నిలబడే పోయాడు. ఇక్కడా నిలబడాలా?"

"ఆ కాపలా కథలో సగం నేను కల్పించిందే ఎఫీ. సారాకొట్లో, రెండో గ్లాసు మీద."

"ఏ సగం?"

కల్పించీ కల్పించీ ఫిన్లేకే గుర్తులేదు.

"డుగల్‌కి దగ్గు ముదిరిందట," అందామె వెళ్ళిపోతూ. "పోయి దగ్గర కూర్చుంటా."

మంచిదేలే అనుకున్నాడు ఫిన్లే. ఆకులూడ్చాడు. గంటతాడుకు కొవ్వు రాశాడు. పొద్దు నడినెత్తికొచ్చాక గోడెక్కి కూర్చుని, ఓట్స్ రొట్టెలో ఉప్పుచేప పెట్టుకుని కొరికాడు. అక్కడి నుంచి చూస్తే కొండవాలంతా ఇళ్ళు, ప్రతి ఇంటి మీదా పొగ. డుగల్ ఇంటి మీద లేదు.

నవంబరు నెల. జబ్బు మనిషి ఇల్లు. పొగ లేదు.

నోట్లో రొట్టె నోట్లోనే ఉండగా ఫిన్లే గోడ దూకాడు.

కిటికీ బార్లా తెరిచి ఉంది. పొయ్యిలో నీళ్ళు పోసిన బూడిద. కట్టెల బదులు మండించటానికి చిత్తడి నేలలో కోసి వేసవంతా ఎండబెట్టుకున్న మట్టి పెళ్లలు వెనక గుంటలో పడి, మళ్ళీ బురదవుతున్నాయి. మంచం మీద డుగల్, పెదాలు నీలంగా. కాళ్ళ దగ్గర పీట మీద ఎఫీ, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ప్రసంగం కోసం ఎదురుచూస్తున్నట్టు.

"గాలాడాలని తీశా," అంది.

"ఒరే ఫిన్లే," డుగల్ పళ్ళు టకటకలాడాయి. "ఈవిడ నా పొడుగెంతని అడుగుతోందిరా!"

ఫిన్లే కిటికీ మూశాడు. తన కోటు విప్పి డుగల్ మీద కప్పాడు. ఎఫీని రెక్క పట్టుకుని గుమ్మం దాకా తెచ్చాడు.

"రేపు లాక్లన్ ఎదురుపడి, నా బదులు ఎవణ్ణి పంపావమ్మా, ఎలా పంపావమ్మా అంటే ఏం చెప్తావ్?"

ఆమె మొహం మీద ఎవరో చరిచినట్టయింది. "మంచు పడబోతోంది ఫిన్లే," అంది చిన్నగా. "వాడింకా అక్కడే ఉన్నాడు."

"వాడి బదులు నే వెళ్తాలే." ఎప్పటిలా పరాచికంగానే అన్నాడు. "ఆ గేటు గొళ్ళెం ఎలాగూ నా మాటే వింటుంది. చీకటంటావా, అది నన్ను చూసే భయపడుతుంది."

ఎఫీ దాన్ని పరాచికంగా తీసుకోలేదు. టోపీ నుంచి బూట్ల దాకా ఆయన్నొకసారి చూసింది. "మాటేనా?"

"మాటే. వీణ్ణి వదిలెయ్," అన్నాడు ఫిన్లే.

డుగల్ ఇంట్లో ఎండు పెళ్ల ఒక్కటి మిగల్లేదు గనక తన ఇంటి నుంచే మోయాలి. బుట్ట వీపునేసుకుని వాలెక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. నొప్పి భుజం వదిలి ఛాతీ మధ్యకొచ్చి కూర్చుంది. అడగకుండానే ఎఫీ ఇంకో బుట్ట ఎత్తుకుని వెనకే వచ్చింది. పొయ్యి రాజుకుంది. డుగల్ బుగ్గలకు రంగొచ్చింది. ఉడికించిన బంగాళాదుంపలు మూడు మింగి, దిండుకు చేరగిలబడ్డాడు.

"ఇప్పుడో అబద్ధం చెప్పరా. పెద్దదై ఉండాలి."

ఫిన్లే పొయ్యి పక్క గోడకు ఆనుకుని కాళ్ళు చాపాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"మా తాతకో పొట్టేలుండేది. దానికి భక్తెక్కువ. ప్రతి ఆదివారం చర్చికొచ్చి వెనక బెంచీలో కూర్చునేది. పాస్టరు ఒక మాట తప్పు చదివాడా, తుమ్మేది. పాపం, ముగ్గురు పాస్టర్లు ఊరొదిలి పోయారు. నాలుగోవాడు గట్టివాడు. అంత తెలిస్తే నువ్వే చెప్పరాదా అన్నాడు. పొట్టేలు లేచింది. మెట్లెక్కింది. అందరి వంకా ఒకసారి చూసింది. గడ్డం సర్దుకుంది. నోరు తెరిచి..."

అని ఆగాడు.

అసలు చోట ఆపి ఊరించటం ఫిన్లేకి అలవాటే. అందుకని డుగల్ చాలాసేపు ఓపికగా ఎదురుచూశాడు. బయట వెలుతురు తగ్గింది. పొయ్యిలో ఒక పెళ్ల విరిగి నిప్పురవ్వలు లేచాయి.

"ఊఁ, నోరు తెరిచి? ఏం చెప్పిందిరా?"

ముందుగా ఎఫీకి అర్థమైంది. లేచి వచ్చి, ఫిన్లే ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన కళ్ళు రెండూ అరచేత్తో మూసింది. తరవాత పొయ్యిలో ఇంకో పెళ్ల వేసింది, డుగల్‌కి చలి వెయ్యకుండా.

గోతులవాడికి గొయ్యి తవ్వేదెవరని ఊళ్ళో తర్జనభర్జన పడి, మగవాళ్ళంతా వంతులేసుకున్నారు. గొయ్యి ఒక పక్కకు ఒరిగింది. చూస్తే ఫిన్లే ఏడాదిపాటు ఎగతాళి చేసేవాడు. ఎఫీ చివరిదాకా నిలబడి, అందరూ వెళ్ళాక కొడుకు రాయి మీద చెయ్యి వేసి, "ఇక పడుకో నాయనా," అంది. ఆ పూట నుంచి ఆమె ఎవరినీ జబ్బుల సంగతి అడగలేదు.

డుగల్ బతికాడు. దగ్గు పోలేదు. చర్చి దాటాల్సి వస్తే మాత్రం రోడ్డుకు అవతలి అంచున నడుస్తాడు. ఎఫీ ఎదురైతే కాస్త నిటారుగా, ఆరోగ్యంగా నడుస్తాడు.

పూడ్చిన మర్నాడు పొద్దున పాస్టరుగారు ఆవరణ గేటు తోస్తే, లోపల గేటు పక్కనే గోడ వారన ఏదో ఉంది. తీసేద్దామని చెయ్యి చాపారు. ఎందుకో వెనక్కి తీసుకుని, లోపలికి పోయారు. అది ఎఫీ వంటింటి కుర్చీ, మొహం రోడ్డు వైపు పెట్టి ఉంది, ముసలివాళ్ళు కూర్చునే రకం, చేతులున్నది. దాని మీద మడతపెట్టిన గొర్రెతోలు, ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు మధ్యలో కాస్త కుంగి ఉంది.