పద్నాలుగో ఫండుది గోపన్‌పల్లి స్టాపు

ఆ గురువారం పొద్దున బొంబాయి నుంచి ఫోన్ రాకపోయుంటే కృష్ణప్రియ ఎప్పటిలాగే తన పని తాను చేసుకుని, సాయంత్రం ఆఫీసు బస్సెక్కి ఇంటికి పోయేది. ఏం చేస్తాం, ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసిన మేనేజరు శ్రీనివాసరావు గారు తిన్నగా ఆమె కుర్చీ దగ్గరికే వచ్చారు.

"అమ్మాయ్, ఫండ్ల రిపోర్టులో చివర 'స్టాపు' అని ఒక కాలమ్ వచ్చిందట. ఆరో ఫండు పక్కన ప్రగతి నగర్ అని, పద్నాలుగో ఫండు పక్కన గోపన్‌పల్లి అని ఉందట. ఇదేం కొత్త లెక్కండీ అని బొంబాయి కంపెనీ ఆయన కంగారు పడుతున్నాడు. అదెవరు పెట్టారో మధ్యాహ్నంలోపు నాకు తెలియాలి."

హైటెక్ సిటీలో ఆ అద్దాల మేడ లేచి ఏడాది కూడా కాలేదు. అందులో నాలుగో అంతస్తున వీళ్ల ఆఫీసు. బొంబాయి కంపెనీ వాళ్ల మ్యూచువల్ ఫండ్ల వివరాలన్నీ వీళ్ల కంప్యూటర్లోనే ఉంటాయి. పేరు, ధర, తేదీ లాంటి కాలమ్‌లు అందరికీ ఉండేవే. అవి చాలవనుకుంటే ఎవరికి కావలసిన కాలమ్ వాళ్లు చేర్చుకోవచ్చు. అలా చేర్చిన ప్రతిదాని జాతకం, అంటే పేరేమిటి, ఎందుకు, ఎవరు చేర్చారు, ఎప్పుడు చేర్చారు అన్నది, వేరే పట్టికలో పడుతుంది. ఆ పట్టికను ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలో రెండు లైన్లు రాసి అడిగితే మొహమాటం లేకుండా చెప్పేస్తుంది.

కృష్ణప్రియకు మాత్రం అడగకుండానే జవాబు తెలుసు.

నాలుగు నెలల కిందట, ఆమె చేరిన కొత్తలో, బస్సుల పని చూసే ఈశ్వరయ్య వచ్చాడు. "ఎవరెవరు యాడ దిగుతరో గీ మిషన్ల కొట్టి కాయితం తీసియ్యరాదు బిడ్డా? రోజు చేత్తోని రాసి పరేషాన్ అయితున్న" అన్నాడు. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి పెట్టిన ప్రాక్టీసు కాపీయే కదా అనుకుని ఈ పిల్ల ఉత్సాహంగా ఒక కాలమ్ చేర్చేసింది. ఉద్యోగి నంబరు ఎంతో ఆ నంబరు ఫండు పక్కన అతని స్టాపు. ఆమె నంబరు పద్నాలుగు. అది ప్రాక్టీసు కాపీ కాదు, అసలు డేటాయేనని ఇవాళ్టిదాకా తెలియదు. ఇన్నాళ్లూ రిపోర్టులో రాని సొంత కాలమ్‌లను బొంబాయి వాళ్లు ఈ నెలే ప్రింటు తీయడం మొదలుపెట్టారు మరి.

పోనీ అంతటితో ఊరుకుందా? ఊరుకోలేదు. ముగ్గురు ఎక్కితేగానీ బస్సు ఏ ఊరికీ మళ్లదని రూలు. గోపన్‌పల్లికి ఆఫీసులో ఆమె ఒక్కతే. తండ్రి బాలనర్సయ్య ముందే తేల్చి చెప్పాడు: "బస్సు ఊర్లకొస్తెనే కొలువు, లేకుంటే ఇంట్ల కూసో." అదే దారిలో రోజూ నడిచిపోయే ఇద్దరు ఆమె కంట పడ్డారు. ఆఫీసు ఊడ్చే లక్ష్మమ్మ, భూలక్ష్మి. కాంట్రాక్టు వాళ్లకు నంబర్లుండవు, బస్సూ ఉండదు. ఉద్యోగులు ముప్పై మంది. వాళ్లిద్దరినీ ముప్పై ఒకటి, ముప్పై రెండుగా కొట్టేసింది. ఈశ్వరయ్య కాయితం చూసి, "ముగ్గురైన్రు, ఇగ ఫికర్ లేదు, బండి మళ్లుతది" అన్నాడు.

ఇప్పుడు కృష్ణప్రియ ఆ రెండు లైన్ల క్వెరీ కొట్టింది. 'చేర్చినవారు' అన్నచోట ఆమె పేరే. పోయిన నెలలో మానేసిన మహేశ్ పేరు అక్కడ పెట్టడానికి ఇంకొక్క లైను చాలు. అడిగేవాళ్లు లేరు. ఆ లైను సగం కొట్టింది కూడా.

"కాళ్లు జర మీదికి వెట్టు బిడ్డా." తడిగుడ్డతో లక్ష్మమ్మ. తుడుస్తూనే, "ఇయ్యాల కిటికి సీటు నాది. భూలక్ష్మికి ఇయ్యకు, చెప్తున్న!" అంది.

కృష్ణప్రియ కొట్టిన సగం లైనూ చెరిపేసి, కాలమ్ జాతకం, స్టాపుల వరుస రెండూ ఉన్నది ఉన్నట్టు ప్రింటు తీసింది.

"నేనే పెట్టిన సార్" అంది శ్రీనివాసరావు గారి ముందు నిలబడి.

ఆయన కళ్లజోడు సర్దుకుని కాయితమంతా చదివారు. "ఉన్నది ముప్పై మందిమే కదా. మరి ఈ ముప్పై ఒకటి, ముప్పై రెండు ఎవరు?"

"లక్ష్మమ్మ, భూలక్ష్మి సార్."

"వాళ్లకు నంబర్లు లేవే?"

"లేవు సార్. అందుకే ఇచ్చిన. ముగ్గురం లేకుంటే బస్సు మళ్లదు. బస్సు రాకుంటే మా నాయిన కొలువు మాన్పిస్తడు. వాళ్లిద్దరేమో మళ్ల మైళ్లకొద్ది నడవాలె. తప్పు నాదే సార్."

ఆయన మూతి బిగించుకున్నారు. కోపం కాదు, నవ్వు. చివరికి ఆగలేదు. "ముప్పై రెండో ఫండు చాలా బాగుందటమ్మా, బొంబాయాయన కొందామా అని చూస్తున్నాడు!" నవ్వు అయ్యాక గొంతు మార్చారు. "అసలు డేటాలో చెయ్యి పెట్టావు. శనివారం సెలవు లేదు. సొంత కాలమ్‌లన్నిటి జాతకాలూ తీసి, ఎందుకున్నాయో ఎవరికీ తెలియని దిక్కులేనివి ఎన్నున్నాయో చూపించాలి. ఈ కాలమ్ ఇప్పుడే తీసెయ్యి. బస్సు లిస్టుకు మన దగ్గరే వేరే పట్టిక చెయ్యి. వాళ్లిద్దరూ అందులో ఉండాలి. రూలు సంగతి నేను చూసుకుంటాను."

కృష్ణప్రియకు ఏడుపొచ్చినంత పనైంది. "అవే నంబర్లు వెయ్యమంటరా సార్?"

"నంబర్లెందుకు? పేర్లు లేవా వాళ్లకు?"

సాయంత్రం బస్సు మెట్టు మీద నిలబడి ఈశ్వరయ్య కొత్త లిస్టు గట్టిగా చదివాడు. "గోపన్‌పల్లి: కృష్ణప్రియ, లక్ష్మమ్మ, భూలక్ష్మి."

లక్ష్మమ్మ కిటికీ సీటు మాట మరిచిపోయి కాయితం లాక్కుంది. "ఇండ్ల నాదేది?" కృష్ణప్రియ వేలు పెట్టి చూపించింది. లక్ష్మమ్మ ఆ చోటును కాసేపు చూసి, కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

"ఏందే, బస్సు లిస్టు ఇంటికి పట్టుకపోతవా?" అని ఈశ్వరయ్య గొంతు పెంచాడు.

"పట్టుకపోత. నువ్వు ఇంకోటి తీసుకో. ఇన్నేండ్ల సంది ఎన్ని ఆఫీసులు ఊడ్చిన, ఏ కాయితంలనన్న నా పేరు రాసిన్రా?"

ఈశ్వరయ్య డ్రైవరును పొమ్మన్నాడు. బస్సు గోపన్‌పల్లి దారికి మళ్లింది.